తొంభై ఒకటో వరుస

ఆ రోజు పనంతా అయ్యాక పట్టిక అడుగున ఒక అంకె మిగిలింది. రెండు వందల చిల్లర పేర్లు, వాటికి సరిపడా అంకెలు. పేర్లు అయిపోయాయి, అంకె ఒకటి మిగిలింది. ఎందుకు మిగిలిందని నన్ను నేను అడుక్కోలేదు. టైపు చేసేటప్పుడు ఒకటి ఎక్కువ కొట్టి ఉంటాననుకొని దాన్ని తుడిచేశాను. తుడిచాక పట్టిక చూడముచ్చటగా కనిపించింది. నేను చేసిన తప్పు అదే. తెలియక జరిగిందని చాలా రోజులు చెప్పుకు తిరిగాను గానీ, తుడిచే ముందు నా వేలు ఒక్క క్షణం ఆగిన సంగతి నాకు బాగా గుర్తుంది.

తొంభైల నడిమి మాట ఇది. నాకు నలభై దాటాయి. కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక మేడ మీద మా టైపింగు సెంటరు ఉండేది. మా అంటే నాదీ, అక్కదీ. ఆమె నా తోడబుట్టినది కాదు. డెబ్బైల్లో నేను టైపు నేర్చుకోవడానికి పోయినప్పుడు అక్కడ నేర్పించిన మనిషి. చూడకుండా కొట్టమంటే కీబోర్డు వైపు చూసినందుకు నా వేళ్ల మీద స్కేలుతో కొట్టింది కూడా. కొన్నేళ్లకు ఇద్దరం కలిసి సొంతంగా పెట్టుకున్నాం. ఆ స్కేలు ఆమెతోపాటే వచ్చింది.

టైపు మిషన్ మీద అన్నిటికన్నా కష్టమైన పని పట్టికలు. ముందు అన్నిటికన్నా పొడుగు పేరు ఏదో చూసుకొని అక్షరాలు లెక్కపెట్టుకోవాలి. దాన్ని బట్టి ఎక్కడెక్కడ మిషన్ బండి ఆగాలో గుర్తులు పెట్టుకోవాలి. అంతా అయ్యాక ముప్ఫయ్యో పేరు దగ్గర ఇంకో రెండక్షరాలు ఎక్కువున్న పేరు తగిలితే కాగితం పీకేసి మళ్లీ మొదలు. అందుకే మా సెంటరులో ఒక పద్ధతి ఉండేది. దాన్ని అప్పజెప్పుడు అనేవాళ్లం. టైపు చేసినవాళ్లు పైకి చదవాలి. రెండో మనిషి అసలు కాగితం ముందు పెట్టుకొని, లైను కింద స్కేలు ఆనించి, సరిగా ఉంటే ‘ఊ’ అనాలి. ‘ఊ’ రాకపోతే తరువాతి లైనుకు పోకూడదు. పెళ్లి కార్డయినా, కోర్టు కాగితమైనా, అప్పజెప్పకుండా ఏదీ మా మెట్లు దిగేది కాదు. అక్క ‘ఊ’ల్లోనూ తేడాలుండేవి. మామూలు ‘ఊ’ ఒకటి, ఎండాకాలం మధ్యాహ్నపు ‘ఊ’ ఒకటి. అది వినబడితే మేం చాయ్ తెప్పించుకునేవాళ్లం.

కంప్యూటరు వచ్చాక పట్టికల భయం పోయింది. గడులు వాటంతటవే పెద్దవయ్యేవి. దాని మీద మాక్రో అనేది నేర్చుకున్నాక నాకు కొమ్ములు మొలిచాయి. మందమర్రిలో బొగ్గు గని ఆఫీసులో పనిచేసే దోస్తు ఒకడు నాకు అది చూపించాడు. రికార్డు నొక్కితే బాణం గుర్తు పక్కన చిన్న క్యాసెట్టు బొమ్మ వస్తుంది. ఇక మనం ఏ మీట నొక్కితే ఆ మీట అది గుర్తు పెట్టుకుంటుంది. ఆపేశాక ఒక్క మీట నొక్కితే మనం చేసినదంతా తిరిగి చేస్తుంది. అక్కకు చూపిస్తే కాసేపు చూసి, “కోతి తీర్గ ఉన్నది. నువ్వేం జేస్తే గదే జేస్తుంది” అంది. ఆనాటి నుంచి మా సెంటరులో దాని పేరు కోతి. పెద్ద పట్టిక వస్తే, “కోతిని దించుతవా తమ్మీ?” అని అడిగేది.

ఆ ఏడు కరీంనగర్‌లోని కొందరు పెద్దమనుషులు కలిసి నిర్మల్‌లో కండ్ల పరీక్షలు పెట్టించారు. బడిలో రెండు రోజులు పరీక్షలు, నెల తర్వాత అందరికీ కళ్లద్దాలు. పరీక్ష చేసినాయన కరీంనగర్‌వాడే, మాకు తెలిసినాయనే. అందరూ సాబ్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆయన తన రిజిస్టరులో వరుస నంబరూ, ఎదురుగా పవరూ రాసుకొచ్చాడు. పేర్లూ ఊర్లూ ఉన్న జాబితా వేరే ఉంది, దాన్ని మేం ముందే టైపు చేశాం. ఇప్పుడు పవర్లను పేర్ల పక్కన చేర్చాలి. ఆ పట్టికను బట్టే అద్దాలు కోసేవాళ్లు కోస్తారు, డబ్బాల మీద పేర్ల చీటీలు అతికిస్తారు.

రిజిస్టరు ఇచ్చేటప్పుడు సాబ్ ఒక మనిషి సంగతి చెప్పాడు. నిర్మల్ బొమ్మలకు రంగులు వేసే ముసలాయన. పనివాళ్లలో బొమ్మలకు కండ్లు పెట్టే చెయ్యి ఆయనదే. జింకకైనా చిలుకకైనా కన్ను పెట్టేది ఆఖర్న. అది చెడితే బొమ్మంతా చెడినట్టే. రెండేళ్లుగా ఆయనకు దగ్గరివి మసకబారి, లప్పం పూసే పనికి దిగాడు. చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపి పొణికి కర్ర మీద పట్టించే పని అది. ఎవరైనా చెయ్యగలది.

“జానెడు దూరంల బొమ్మ పట్టుకొని చూపెట్టిండు భాయ్, నేను అద్దాలు మార్చి మార్చి చూసిన” అన్నాడు సాబ్. “ఒక జత పెడితే ఏడ్వబోయిండు. కండ్లు పెట్టే పని మళ్ల నీకేనా కాకా అంటే, దసరా దాంక ఆగుతరట, గప్పటికి కాకుంటే వేరేటోళ్లకు ఇస్తరట. గాయన ఒక్కనికి రెండు జతలు రాసిన. తొవ్వల నడువనీకె ఒకటి, పనికి ఒకటి.”

నేను విన్నాను. పవర్లను ముందు వేరే పట్టికగా కొట్టుకున్నాను. సాబ్ రాసినట్టే ముసలాయనకున్న తొంభై ఒకటో గడిలో రెండూ టైపు చేశాను, ఒకదాని కింద ఒకటి. తర్వాత ఆ సంగతి మరచిపోయాను.

కోతికి నేర్పాను. పవరున్న లైను తీసుకో, పేర్ల పట్టికలోకి పో, గడిలో పెట్టు, కింది వరుసకు దిగు, వెనక్కి రా, ఇక్కడా ఒక లైను కిందికి దిగు. అంతే. తర్వాత నాకు మిగిలింది మీట నొక్కడమే. ఎడమ చేతిలో చాయ్ గ్లాసు పట్టుకొని, కుడి చేత్తో మీట నొక్కుతూ, కిటికీలోంచి బస్టాండులోకి తిరుగుతున్న బస్సుల బోర్డులు చదువుకున్నాను. తెర వైపు చూడనేలేదు. కోతి తొంభై ఒకటో గడికి వచ్చి, పై లైను తీసుకొని ముసలాయనకు ఇచ్చి, ఒక లైను కిందికి దిగింది. దిగిన చోట ఇంకా ఆ గడే ఉంది. రెండో లైను తీసుకుపోయి తొంభై రెండో మనిషికి ఇచ్చింది. అక్కడి నుంచి చివరిదాకా ప్రతి మనిషికీ తన ముందున్న మనిషి పవరు పడింది. అడుగున ఒకటి మిగిలింది. దాన్నే నేను తుడిచింది.

“అప్పజెప్పుకుందామా తమ్మీ?” అని స్కేలు తీసుకొచ్చింది అక్క.

“ఎందుకక్కా, కోతి జేసిందే గద. మనిషైతే పరాకున కొడ్తడు. మిషన్‌కు పరాకెక్కడిది?”

“దానికి లేకుంటే లేకపాయె. నేర్పినోనికి ఉండదా?”

“నువ్వు ఇంక టైపు మిషన్ కాలంలనే ఉన్నవు” అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ అనాల్సిన మాట కాదు. ఆమె స్కేలు తీసుకుపోయి సొరుగులో పెట్టుకుంది. నన్ను స్కేలుతో కొట్టిన రోజుల్లో సొరుగు ధడాలున వేసేది, ఆ రోజు మెల్లగా వేసింది.

అద్దాలు పంచే రోజు నేనూ నిర్మల్ పోయాను. నా పట్టిక ఎలా నడుస్తుందో కళ్లారా చూద్దామని. సాబ్ ఆ రోజు వేరే ఊళ్లో ఉన్నాడు. పేరు పిలవడం, డబ్బా ఇవ్వడం, అంతా అరపూటలో అయిపోయింది. అందరికీ ఒక మాట చెప్పమన్నారు, నేనే గట్టిగా చెప్పాను. “కొత్తల తల తిరుగుతది. నాలుగు రోజులు పెట్టుకుంటే అలవాటైతది. తియ్యద్దు.” ఆ మాట నా నోటి నుంచే వచ్చింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రంగులాయన వచ్చాడు. సన్నటి మనిషి, గోళ్ల చుట్టూ లప్పం ఎండిపోయి ఉంది. అద్దాలు పెట్టుకొని, ఎడమ అరచేతిని జానెడు దూరంలో ఎత్తి, దాంట్లో ఏదో బొమ్మ ఉన్నట్టు చూశాడు. అద్దాలు పైకి జరిపి చూశాడు, కిందికి జరిపి చూశాడు. తర్వాత మెల్లగా తీసి డబ్బాలో పెట్టుకున్నాడు.

“మంచిగ కనవడ్తుందా కాకా?” అన్నాను.

“అలవాటైతదన్నరు గద సారూ” అన్నాడు.

నాకు సాబ్ చెప్పిన రెండు జతల మాట అప్పటికైనా గుర్తు రావాలి. రాలేదు. తరువాతి పేరు పిలిచాను.

మూడు వారాలకు ఆ బడి హెడ్మాస్టరు ఫోను చేశాడు. “సార్, మా దగ్గర సగం ఊరికి అలవాటైతలేదు” అన్నాడు.

ఆయన చెప్పింది వింటే నవ్వొచ్చింది గానీ, నవ్వడానికి ధైర్యం చాలలేదు. తియ్యొద్దన్నారని ఒకాయన నిద్రలో కూడా పెట్టుకున్నాడట. ఇంకొకాయనకు తన బర్రె మేకంత కనబడుతుందని, పాలు కూడా తగ్గాయేమోనని అనుమానం వచ్చిందట. ఒకాయన మూడు మెట్ల బడి అరుగు ఎక్కడానికి నాలుగోసారి కాలెత్తి ముందుకు పడ్డాడట. అయినా ఎవరూ అద్దాలు బాగాలేవని అనలేదు. అంత దూరం నుంచి వచ్చి పిలిచి ఇచ్చిన వస్తువుకు వంక పెట్టడం ఎలాగని ఊరుకున్నారు. లోపం తమ కండ్లలోనే ఉందనుకున్నారు.

గుట్టు బయటపెట్టింది బీడీలు చేసే తోటికోడళ్లిద్దరు. ఆకు కత్తిరించేటప్పుడు పెద్దామె విసుగొచ్చి అద్దాలు తీసి చాటలో పెట్టింది. చిన్నామె పొరపాటున అవి పెట్టుకుంది. “అక్కా, నీ అద్దాలల్ల నాకు నీ మొఖం కనవడ్తుందే” అందట. “ఇన్ని రోజులు నా మొఖం చూడకుండనేనా నాతోని కొట్లాడింది?” అందట పెద్దామె. పరీక్షకు వీధి వీధిగా వచ్చి వరుసలో నిలబడ్డారు కాబట్టి, ఎవరి అద్దాలు వాళ్ల పక్క మనిషి దగ్గరే ఉన్నాయి.

నేను పట్టిక తీసి రిజిస్టరుతో పోల్చాను. ప్రతి వరుసలో మొదటి అంకె మాత్రమే చూసుకుంటూ పోయాను. తొంభై ఒకటి దాకా సరిగా ఉంది. తొంభై రెండు నుంచి ఒక్కొక్క వరుస జరిగింది. ఎక్కడి నుంచి జరిగిందో తెలిసింది, చాలనుకున్నాను. ఎందుకు జరిగిందని వెతకలేదు. వెతికితే దొరుకుతుందని భయం కూడా ఉండి ఉంటుంది.

అప్పుడు రెండో తప్పు చేశాను. ఇది మొదటిదానికన్నా పెద్దది. పెద్దమనుషుల ముందు సాబ్ కూడా ఉండగా, ఇదెలా జరిగిందని అడిగారు. “రిజిస్టరుల రాత సక్కగ తెలుస్తలేదు” అన్నాను. సాబ్ రిజిస్టరు చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నిజమే భాయ్, నా రాత ఖరాబే. మా బిడ్డ గూడ నవ్వుతది” అన్నాడు. ఆయన ఒప్పుకోవడంతో మాట అక్కడితో ఆగిపోయింది. నేను ఆగనిచ్చాను.

తొంభై రెండు నుంచి చివరిదాకా ఉన్నవాళ్లను మళ్లీ బడికి పిలిపించాం. ఆ రోజు ఆ బడిలో జరిగినంత గోల నేను తిరునాళ్లలో కూడా చూడలేదు. సాబ్ రిజిస్టరు చూసి పవరు చెప్పడం, పక్కవాళ్ల ముక్కు మీద నుంచి అద్దాలు తీసి ఇవతలివాళ్లకు పెట్టడం. పెట్టుకున్నవాళ్లు ముందుగా చూసింది తమ అద్దాలు ఇన్ని రోజులు మోసిన మనిషి మొహం.

“అద్దాల కాళ్లు గింత వంకర చేసినవేందిరా?”

“నీ ముక్కు గంత లావు ఉంటే వంకర కాక ఏమైతయి?”

బర్రె ఆయన తన అద్దాలు దొరకగానే ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయి, బర్రెను చూసుకొని, మళ్లీ వచ్చి వరుసలో కూర్చున్నాడు. “మంచిగనే ఉన్నది” అని అందరికీ చెప్పాడు.

చివరకు ఒక జత మిగిలింది, ఒక మనిషికి లేకుండా పోయింది. లేనిది ఆఖరి వరుసలో ఉన్న ముసలామెకు. నేను తుడిచేసిన అంకె ఆమెది. “ఆఖర్ల నిలవడ్డందుకు ఆఖర్కు నాకేనా లేనిది?” అంది. సాబ్ ఆమె పవరు మళ్లీ రాసుకున్నాడు. మిగిలిన జతను ఎవరూ చూడకముందే నేను సంచిలో వేసుకున్నాను. ఎవరిదని అడుగుతారని భయపడ్డాను. తొంభై ఒకటి దాకా ఉన్నవాళ్లను ఎవరూ పిలవలేదు. వాళ్లవి సరైనవే కదా అన్నది నేనే.

నాలుగు రోజులకు సెంటరులో సంచి తీస్తే ఆ డబ్బా అక్క కంట పడింది.

“ఎవరియి?”

“మిగిలినయి.”

“మిగులుడేంది తమ్మీ? అద్దాలు ఒక మనిషికి కోస్తరు. మిగులుతయా?”

ఆమె సొరుగు తెరిచి స్కేలు తీసింది. రిజిస్టరు ముందు పెట్టుకొని, “సదువు” అంది.

ఒకటి నుంచి మొదలుపెట్టాను. ‘ఊ.’ రెండు. ‘ఊ.’ ముప్ఫై, నలభై, అరవై. కింద బస్సుల హారన్లు, పైన ఫ్యాను చప్పుడు, నడుమ ఆమె ‘ఊ’. తొంభై ఒకటి చదివాను. ‘ఊ’ రాలేదు. తొంభై రెండుకు పోబోయాను. స్కేలు కదలలేదు.

“ఈడ ఇంకోటున్నది” అంది.

స్కేలు కింద రెండో లైను. సాబ్ రాత ముత్యాల్లా లేదు గానీ, ఎవరైనా చదవగలిగేదే. దాని పక్కన చిన్న అక్షరాలతో, పనికి, జానెడు దూరం అని కూడా రాసి ఉంది.

నాకు ముసలాయన ఎత్తిన అరచెయ్యి కళ్ల ముందుకు వచ్చింది. సంచిలోంచి తీసిన ఆ జత ఆయనది. కండ్లు పెట్టే జత. దారి నడవడానికి రాసిన అద్దాలు పెట్టుకొని, దగ్గరివి ఇంకా మసకగా కనబడుతుంటే, అలవాటవుతుందని నెలకు పైగా చూస్తూ ఉన్నాడు. దసరా ఇంకో వారమే ఉంది.

“అక్కా, తప్పు నాదే” అన్నాను.

“గది నాకు ఎర్కే. నాకు చెప్తే ఏమొస్తది? సాబ్‌కు చెప్పు, గా పెద్దమనిషికి చెప్పు” అంది. స్కేలు సొరుగులో పెట్టి, “చాయ్ తాగి పో” అంది.

సాబ్ ఇంటికి పోయేసరికి ఆయన అరుగు మీద కూర్చొని ఏదో రాస్తున్నాడు. చిన్న పిల్లలకు ఇచ్చే నాలుగు గీతల కాపీ పుస్తకం. పుస్తకంలో సగం దాకా ఒకటి నుంచి పది దాకా అంకెలు మళ్లీ మళ్లీ రాసి ఉన్నాయి, ఏడు అంకె అయితే పేజీలకు పేజీలు. ఆయన బిడ్డ ఎర్ర సిరాతో అక్కడక్కడా సరి గుర్తు కూడా పెట్టింది.

“చూడు భాయ్, నా రాత జర మంచిగైంది గద?” అని పుస్తకం నా ముందు పెట్టాడు.

నిలబడే చెప్పాను. కోతి సంగతి, మిగిలిన అంకె సంగతి, సంచిలో దాచిన జత సంగతి, ఆయన రాత మీద వేసిన నింద సంగతి. ఆయన కాపీ పుస్తకం వైపు, నా వైపు చూశాడు.

“అంటే పదిహేను రోజుల సంది నేను ఊకెనే ఏడ్లు దిద్దిన్నా?”

“ఊకెనే దిద్దినవు సాబ్.”

“మా బిడ్డ ఏడుకు తోక పొడుగు పెట్టినవని రెండుమార్లు కొట్టేసింది, ఎర్కేనా?” అని కొంచెంసేపు కోపంగానే ఉన్నాడు. తర్వాత పుస్తకం మూసి, “ముందుగాల్ల కాకా దగ్గరికి పో. నన్ను పరేషాన్ చేసింది ఆన్నించి వచ్చినంక మాట్లాడుకుందాం” అన్నాడు. లోపలికి పోయి ముసలామె అద్దాల డబ్బా కూడా తెచ్చి ఇచ్చాడు. అప్పటికే కోయించి పెట్టాడు.

పొద్దున్నే బస్సెక్కాను. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు. సోన్ వంతెన మీద గోదావరి నిండుగా ఉంది. దారంతా ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

ముసలామె ఇల్లు ముందు తగిలింది. అద్దాలు పెట్టుకొని నన్ను కిందా మీదా చూసింది. “నిన్ను గిప్పుడు సూత్తున్న. గప్పుడు నువ్వు పోలీసోని తీర్గ కనవడ్డవు” అంది. తప్పు నాదని చెప్పాను. “తప్పో ఒప్పో, ఇంటిదాంక తెచ్చినవు. మజ్జిగ తాగు” అంది.

బొమ్మలు చేసే చోట రంగులాయన ఒక మూలన కూర్చొని చిలుకలకు లప్పం పడుతున్నాడు. ఆయన పక్కన రంగులు పూర్తయిన చిలుకలు బారుగా ఎండుతున్నాయి. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర ముక్కు. దేనికీ కన్ను లేదు. చొక్కా జేబులో మేం ఇచ్చిన అద్దాల డబ్బా ఉంది.

“కాకా, అలవాటైందా?” అని అడిగాను.

“కాలే సారూ. అద్దాలది గాదు తప్పు. నా కండ్లే అయిపోయినయి. మొన్న చెప్పేసిన, కండ్లు పెట్టే పని పిలగాండ్లకు నేర్పుకోండ్రి అని” అన్నాడు. ఫిర్యాదు కాదు, సమాచారం చెప్పినట్టు చెప్పాడు.

ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను. “నీ కండ్లది గాదు కాకా. అద్దాలది గాదు. నాది” అన్నాను. సంచిలోంచి రెండో జత తీసి ముందు పెట్టాను. “నీకు రెండు రాసిండు సాబ్. పనికి రాసినయి ఇవి. నేను సూసుకోక వేరేటోళ్లకు పోయినయి. మిగిలినంక గూడ దాచిపెట్టిన.”

ఆయన వెంటనే తీసుకోలేదు. లేచి పోయి చేతులు కడుక్కొని, తువ్వాలతో వేలు వేలూ తుడుచుకొని వచ్చాడు. అద్దాలు పెట్టుకున్నాడు. ఎండుతున్న చిలుకల్లోంచి ఒకటి తీసి జానెడు దూరంలో పట్టుకున్నాడు. ఈసారి పైకీ కిందికీ జరపలేదు. చిలుక ముక్కు దగ్గర రంగు కొంచెం దాటిన చోటును గోటితో చూపించాడు. “గిది ఎవరు పెట్టిన్రురా?” అని లోపలి వైపు కేకేశాడు. లోపల ఎవరో నవ్వారు.

కుంచె తీశాడు. రెండేళ్లుగా వాడని కుంచె, గుడ్డలో చుట్టి చూరులో దోపి ఉంది. దాని వెంట్రుకలు నాలుకతో తడిపి మొన చేసుకున్నాడు. తెలుపు పెట్టాడు. ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు. తర్వాత నల్ల చుక్క. చిలుక ఒక వైపు నుంచి మమ్మల్ని చూసింది. రెండో వైపు తిప్పి రెండో కన్నూ పెట్టాడు.

“సారూ, గా మిషన్ ఎట్ల జేసింది?” అన్నాడు అప్పుడు.

చెప్పాను. నేను ఒకసారి చేస్తే అది చూసి రెండు వందల సార్లు అలాగే చేస్తుందని, ఆయన గడిలో రెండు లైన్లుంటే ఒకటే ఉందనుకొని దాటిపోయిందని.

“అది దాటంగ నువ్వు ఏం జేస్తున్నవు?”

“చాయ్ తాగుతున్న కాకా. బస్సులు చూస్కుంట.”

ఆయన చాలాసేపు నవ్వాడు. లోపలున్నవాళ్లను పిలిచి మళ్లీ నాతోనే చెప్పించాడు. వాళ్లూ నవ్వారు. తర్వాత ఆయన ఇంకో చిలుకను తీసుకున్నాడు. నేను లేచే లోపల పదకొండు చిలుకలకు కండ్లు వచ్చాయి. పిల్లలకు నేర్పే మాట ఏమయిందని అడిగితే, “నేర్పుత. గని నా పక్కన కూసోవెట్టుకొని నేర్పుత” అన్నాడు. పాత జత జేబులోంచి తీసి చూసి, “ఇవి బస్టాండు బోర్డులు సదువనీకె పనికొస్తయి. నీకేమన్న గావాల్నా?” అని కూడా అన్నాడు. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

కరీంనగర్ వచ్చాక పెద్దమనుషులకు ఒక కాగితం రాసి ఇచ్చాను. సాబ్ రాతలో ఏ లోపమూ లేదని, జరిగింది నా వల్లనని, ఎలా జరిగిందో కూడా వివరంగా రాసి సంతకం పెట్టాను. దాన్ని సాబ్‌కు ముందు చూపించాను. ఆయన చదివి, “ఇది గూడ కోతితోనే కొట్టించినవా?” అన్నాడు. చేత్తో రాశానని చూపిస్తే, “నీ ఏడ్ల కన్న నా ఏడ్లు మంచిగున్నయి” అన్నాడు. మళ్లీ ఎప్పుడు పరీక్షలు పెట్టినా ఆయన పక్కన కూర్చొని, ఆయన చెబుతుంటే నేనే రాసుకొస్తానని మాట ఇచ్చాను. తర్వాత మూడు చోట్ల అలాగే కూర్చున్నాను.

కోతిని వదిలేయలేదు. దానికి మళ్లీ నేర్పాను. లైను లైనుకు కాకుండా గడి నుంచి గడికి దిగేట్టు, గడిలో ఎన్ని లైన్లున్నా అన్నీ కలిపి తీసుకునేట్టు. ప్రతి పది వరుసలకు ఒకసారి ఆగి నన్ను పిలిచేట్టు కూడా చేశాను. ఆగినప్పుడు చాయ్ గ్లాసు కింద పెట్టి చూసేవాణ్ని.

ఆ తర్వాత పట్టికంతా కొత్తగా చేశాను. పాత పట్టికతో ఎవరికీ ఇక పనిలేదు, అద్దాలు ఎవరివి వాళ్లకు చేరిపోయాయి. అయినా చేశాను. అచ్చు తీసి అక్క ముందు పెట్టాను.

“అక్కా, అప్పజెప్తా” అన్నాను.

“గిది ఎవలకియ్యాలె?”

“ఎవలకు గాదు.”

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. సొరుగు తీసి, స్కేలు తీసుకొని, రిజిస్టరు ముందు పెట్టుకుంది. ఒకటి నుంచి చదివాను. తొంభై ఒకటి దగ్గర మొదటి లైను చదివి, స్కేలు కదలకముందే రెండోది కూడా చదివాను.

“ఊ” అంది అక్క.